గో కార్ట్‌కు టర్బో: ముందు లెక్క, తర్వాత పానా



మన వార్షికోత్సవ సంచికలో చదువు విలువ గురించి, తల్లిదండ్రుల కష్టం గురించి, క్రమశిక్షణ గురించి ప్రతిసారీ మంచి మంచి వ్యాసాలు వస్తాయి. అవి రావలసినవే. ఈసారి నేను మాత్రం ఒక చిన్న ఇంజను గురించి రాస్తున్నాను. సంపాదకవర్గం వారు "ఇదేం విషయం?" అనుకోకుండా అచ్చు వేస్తారని ఆశ!

మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్‌కు, ఇంజనీరింగ్‌కు పోయి మెకానికల్ చదువుతున్న తమ్ముళ్ళ నోట కొంతకాలంగా ఒకే మాట వినిపిస్తున్నది. "అన్నా, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు గో కార్ట్ చేస్తున్నం. దానికి టర్బో పెడుతున్నం." ఈ మాట చెప్పేటప్పుడు వాళ్ళ కళ్ళలో వెలుగు చూడాలి! ఒక బ్యాచ్ వాళ్ళు తలా మూడు వేలు వేసుకున్నారు. ఆ మూడు వేలల్లో ఒకరిది స్కాలర్‌షిప్ డబ్బు, ఒకరిది వాళ్ళ నాయన మేకపిల్లను అమ్మి ఇచ్చినది. డబ్బు అట్లాంటిది కాబట్టే నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతున్నాను. ట్రాక్ మీద మనిషిని కూర్చోబెట్టి తిప్పే కార్టుకు టర్బో పెట్టకండి. టర్బో మీద మనసు ఉంటే, స్టాండు మీద గట్టిగా బిగించిన ఇంజనుకు పెట్టండి. పెట్టకముందు కొలవండి, పెట్టిన తర్వాత కొలవండి.

"నీకేం తెలుసు?" అని అడిగే హక్కు మీకుంది. డిప్లొమా తర్వాత నేను చేసింది లారీల పని, అందులో ఎక్కువ భాగం టర్బోలు విప్పి బిగించడమే. అంతకుమించి నా గురించి ఇక్కడ అవసరం లేదు.

ఒక సంగతి మొదటే చెప్పాలి. మన పిల్లలు ఏదైనా పెద్ద పని తలపెడితే "మీకెందుకురా అంత పెద్దవి?" అనే నోళ్ళు మనం చాలా చూశాం. నేను అనేది ఆ 'వద్దు' కాదు. గో కార్ట్ పుట్టిందే చిన్న చేతుల మీదుగా. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన నాలుగు పైపులు అతికించి, గడ్డి కోసే మిషనుకు పెట్టే రెండున్నర హార్స్ పవర్ ఇంజను వెనక తగిలించి మొదటి కార్టు తయారుచేశాడు. వెల్డింగ్ వచ్చినవాళ్ళు ఎవరైనా చేయగలిగే బండి అది. రామాయంపేటలో ట్రాలీలు, కేజ్‌వీల్స్ చేసే షెడ్డులో అది కచ్చితంగా తయారవుతుంది. కాబట్టి కార్టు చేయండి. నేను కాదనేది దాని మీద ఎక్కించే టర్బోను మాత్రమే, అదీ లెక్క చెప్పి.

టర్బో అంటే ఏమిటి? ఇంజను పొగగొట్టంలోంచి బయటికి పోయే వేడి గాలిలో ఇంకా బోలెడు శక్తి ఉంటుంది. దాన్ని ఊరికే వదలకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పిస్తాం. అదే ఇరుసు మీద రెండో వైపున ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువ పోతే డీజిలో పెట్రోలో ఎక్కువ కాల్చవచ్చు, బలం పెరుగుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మనకు కొత్తదేమీ కాదు. మన ఊరి మీదుగా పోయే రోడ్డు 7వ నంబరుగా ఉన్న రోజుల నుంచి, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి అయ్యేదాకా, టర్బో లారీలు రాత్రింబవళ్ళు ఈల వేసుకుంటూ పోతూనే ఉన్నాయి. వరి కోతల కాలంలో పంజాబు నుంచి వచ్చే కోత మిషన్లలోనూ ఇది ఉంటుంది.

"మరి లారీకి పనికొచ్చింది మా కార్టుకు ఎందుకు పనికిరాదన్నా?" మంచి ప్రశ్న. కాగితం, కలం తీసుకోండి.

కార్టులకు ఎక్కువగా పెట్టే హోండా జి.ఎక్స్.200 ఇంజనునే తీసుకుందాం. ఒకే సిలిండర్, 196 సి.సి., నిమిషానికి 3600 చుట్ల దగ్గర సుమారు 5.5 హార్స్ పవర్. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 1800 సార్లు. 1800ను 0.196 లీటర్లతో గుణిస్తే సుమారు 353 లీటర్లు. సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండదు, అసలు లెక్క ఇంకా తక్కువే వస్తుంది. ఇప్పుడు మన దేశంలో కార్లకు వచ్చిన చిన్న టర్బో ఇంజన్లలో ఒకటి చూద్దాం. 2015లో మారుతి సెలేరియోకు 793 సి.సి. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను పెట్టింది. అది నిమిషానికి 3500 చుట్లు తిరిగితే, టర్బో ఒత్తిడి కలపకుండానే దాదాపు 1390 లీటర్లు పీలుస్తుంది. మన కార్టు ఇంజను ఇచ్చేది అందులో నాలుగో వంతు! అంత చిన్న కారు టర్బోకే మన ఇంజను ఊపిరి చాలదు. ఇక పాత సామాన్ల దుకాణంలో చవకగా దొరికే జీపు టర్బోలు, లారీ టర్బోల సంగతి చెప్పనే అక్కర్లేదు. చక్రం తిరుగుతుంది, ఈల కూడా వినిపిస్తుంది. గాలి మాత్రం ఒత్తబడదు. పైగా పొగగొట్టానికి అడ్డం పెట్టినట్టయి ఉన్న బలం కొంత తగ్గుతుంది. ఊరి కాలువ నీళ్ళతో నాగార్జునసాగర్ టర్బైను తిప్పినట్టు ఉంటుంది వ్యవహారం.

బైకు ఇంజను పెడితే? 150 సి.సి. ఇంజను 8000 చుట్ల దగ్గర నిమిషానికి 600 లీటర్లు పీలుస్తుంది. కొంచెం మెరుగు. కానీ ఇక్కడ రెండో ఇబ్బంది వస్తుంది. ఒకే సిలిండర్ కాబట్టి పొగ ఒక్కో దెబ్బగా వస్తుంది, మధ్యలో ఖాళీ. టర్బో గాలిని నెట్టే సమయానికి ఇన్‌లెట్ వాల్వు మూసుకొని ఉంటుంది, తెరిచిన సమయానికి టర్బో నెమ్మదిస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే బావి తాడును వేరే వేరే సమయాల్లో లాగినట్టు.

సరే, సరైన చిన్న టర్బో ఎక్కడో దొరికింది, గాలి ఒత్తిడి మామూలు కంటే 1.4 రెట్లు వచ్చింది అనుకుందాం. బలం 40 శాతం పెరిగినట్టేనా? కాదు. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కింద చెయ్యి పెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మన మెదక్ ఎండల్లో 40 డిగ్రీల గాలిని, 60 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసరుతో 1.4 రెట్లు ఒత్తితే అది 90 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలచన. లెక్క వేస్తే ఇంజనులోకి అదనంగా పోయేది 20 శాతం గాలే. మధ్యలో చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టవచ్చు, అది ఇంకో ఖర్చు, ఇంకో బరువు. 5.5 హార్స్ పవర్ మీద 20 శాతం అంటే 6.6. ఈ ఒక్క హార్స్ పవర్ కోసమా మేకపిల్లను అమ్మింది? అదే డబ్బుతో సెకండ్ హ్యాండ్ 125 సి.సి. బైకు ఇంజను వస్తుంది, దాని బలం ఇంతకంటే చాలా ఎక్కువ. (కాగితాలు లేని ఇంజను ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. తర్వాత పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది మన అమ్మానాయనలే.) బలం సంగతి పక్కన పెట్టినా, వెనక స్ప్రాకెట్ పళ్ళు మార్చి చూస్తే మలుపులోంచి బండి లేచే తీరులోనే తేడా తెలుస్తుంది. కార్టు ట్రాక్‌లో తిన్నని రోడ్డు తక్కువ, మలుపులు ఎక్కువ. మలుపు దాటగానే బలం కావాలి. టర్బో ఒక్క క్షణం ఆలస్యంగా మేలుకుంటుంది, అప్పటికి తర్వాతి మలుపు వచ్చేస్తుంది.

ఇప్పుడు నూనె సంగతి. నా చేతుల మీదుగా పోయిన టర్బోల్లో ఎక్కువ భాగం చచ్చింది నూనె లేకనే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అంత వేగంలో ఇనుము ఇనుమును తాకకుండా మధ్యలో పలచటి నూనె పొర మీద అది తేలుతూ ఉంటుంది. ఆ నూనెను పంపు ఒత్తిడితో ఎప్పుడూ అందిస్తూ ఉండాలి. జి.ఎక్స్. రకం చిన్న ఇంజన్లలో నూనె పంపు లేనే లేదు! కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటెలాంటి ముక్క నూనెను చిమ్ముతుంది, అంతే. అంటే టర్బో కోసం వేరే పంపు, వేరే ట్యాంకు, పైపులు పెట్టాలి. బైకు ఇంజనులో పంపు ఉంటుంది, కానీ మొత్తం నూనె దాదాపు ఒక లీటరు. టర్బో దగ్గర కాగిన నూనె మళ్ళీ అందులోకే వస్తుంది. టర్బోలోంచి నూనె దిగే పైపు లావుగా, కిందికి వాలుగా, ఇంజనులోని నూనె మట్టం కంటే పైన ఉండాలి. కార్టు నేలకు ఆనుకొని ఉండే బండి కదా, ఆ ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? నూనె దిగకపోతే సీలు దాటి పొగగొట్టంలోకి పోతుంది, తెల్లటి పొగ వస్తుంది. పైపు ఊడితే ఆ నూనె ఎర్రగా కాలిన టర్బైన్ గూడు మీద పడుతుంది. ఆ గూడు డ్రైవరు వీపు వెనక జానెడు దూరంలో ఉంటుంది. మన లారీ డ్రైవర్లలో తెలిసినవాళ్ళు ధాబా దగ్గర ఆగగానే ఇంజను కట్టేయరు, రెండు నిమిషాలు అట్లాగే తిరగనిస్తారు. టర్బో చల్లబడేదాకా నూనె అందాలని. పోటీలో గెలిచి కేకలు వేసుకుంటూ దిగే కుర్రవాడు ఆ రెండు నిమిషాలు ఆగుతాడా?

కార్బొరేటర్ గురించి క్లుప్తంగా చెబుతాను. టర్బో తర్వాత కార్బొరేటర్ పెడితే, లోపల ఒత్తిడి ఎక్కువ, ట్యాంకు నుంచి తన బరువుతో దిగే పెట్రోలు దానికి ఎదురుపోలేదు. పెట్రోలు పంపు పెట్టాలి, ఫ్లోటు గిన్నెకు కూడా అదే గాలి ఒత్తిడి అందేలా పైపు కలపాలి. ఇది మరిస్తే సరిగ్గా ఒత్తిడి పెరిగినప్పుడే పెట్రోలు తగ్గుతుంది, పిస్టనుకు రంధ్రం పడుతుంది. టర్బోకు ముందు కార్బొరేటర్ పెడితే, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టర్బో సీలులోంచి నూనెను లాగేస్తుంది. రెండు దారులూ ముళ్ళ దారులే. దీనికి తోడు పెట్రోలు ఇంజనులో ఒత్తిడి పెరిగితే స్పార్కు పడిన తర్వాత మంట చేరకముందే మిగిలిన గాలి దానంతట అదే పేలుతుంది. 'నాకింగ్' అని పుస్తకంలో చదువుతారు కదా, అదే. గాలితో చల్లారే చిన్న ఇంజనుకు ఇది ఇంకా ప్రమాదం. దీన్ని తప్పించాలంటే కంప్రెషన్ తగ్గించాలి, స్పార్కు ఆలస్యం చేయాలి. కంప్రెషన్ తగ్గిస్తే టర్బో మేలుకోని సమయంలో ఇంజను ముందున్నదానికంటే నీరసం అవుతుంది!

డీజిలు ఇంజను మొదట ఒట్టి గాలినే ఒత్తుతుంది, డీజిలు తర్వాత చిమ్ముతుంది. కాబట్టి దానికి ఈ బాధ ఇంతగా ఉండదు. లారీకి, కార్టుకు ఉన్న అసలు తేడా అది.

"డబ్బున్న కంపెనీలు చేసి ఉంటాయి కదా?" చేశాయి. 1982లో హోండా సి.ఎక్స్.500 టర్బో బైకు వచ్చింది. 497 సి.సి., రెండు సిలిండర్లు, నీటితో చల్లారేది, కంప్యూటరుతో పెట్రోలు చిమ్మేది. అదే ఏడు యమహా, తర్వాత సుజుకి, కవాసకి కూడా టర్బో బైకులు తెచ్చాయి. కొద్ది ఏళ్ళలోనే నాలుగు కంపెనీలూ వాటిని ఆపేసి, పెద్ద మామూలు ఇంజన్లవైపు తిరిగాయి. వాళ్ళకు డబ్బు తక్కువై కాదు, ఇంజనీర్లు తక్కువై కాదు. రేసు కార్లలో రెనో 1977లో టర్బో దించింది. ఇంజన్లు పొగలు కక్కి ఆగిపోతుంటే జనం ఆ కారును పసుపుపచ్చ టీకెటిల్ అని ఎగతాళి చేశారు. 1979లో గెలిచింది. అయితే రెండేళ్ళు ఓడిపోవడానికి వాళ్ళ దగ్గర డబ్బుంది. మన దగ్గర ఒక సెమిస్టరు ఉంది.

బ్రేకుల సంగతి ఎవరూ అడగరు. నన్ను కలిసిన తమ్ముళ్ళు ఎవరూ అడగలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని 60 చేస్తే వేగం పెరిగేది ఒకటిన్నర రెట్లు, ఆపవలసిన శక్తి పెరిగేది రెండుంపావు రెట్లు. కార్టుకు స్ప్రింగులు ఉండవు, వెనక ఇరుసు మొత్తానికి తరచుగా ఒకే డిస్కు. చాసిస్ అతుకులు మనమే వేసినవి. ఇంకొందరు వేగం కోసం చిన్న ఇంజనులోని గవర్నరు తీసేస్తున్నారు. తమ్ముళ్ళూ, ఇది మాత్రం అసలు చేయకండి. 3600 చుట్లకు చేసిన ఫ్లైవీలు అంతకు బాగా మించి తిరిగితే పగిలి ముక్కలు తూటాల్లా వస్తాయి. కార్టు బోల్తా పడితే విరిగేది మనవాడి చెయ్యే, ఆ చెయ్యి మీదనే ఆ ఇంటి ఆశ.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. టర్బో ప్రాజెక్టు రిపోర్టులు కొన్ని చదివాను. "బలం 30 శాతం పెరిగినది" అని రాసి ఉంటుంది. ఎట్లా కొలిచారు అంటే జవాబు లేదు. కొలవలేదు. కొందరు బండిని కూడా చేయలేదు, హైదరాబాదులో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే చోట కొని తెచ్చారు. మార్కులు వస్తాయి, ఒప్పుకుంటాను. కానీ తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎవరో ఒకాయన "నూనె ఎక్కడి నుంచి ఇచ్చావు బాబూ?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఏం చెబుతాం? పైసలున్న ఇంటి పిల్లవాడు తడబడితే వాడొక్కడు తడబడ్డాడు అంటారు. మన పిల్లవాడు తడబడితే "ఈ హాస్టలు పిల్లలింతే" అంటారు. ఇది అన్యాయమే. అన్యాయమని తెలిసీ ఆ మాటకు మనం అవకాశం ఎందుకివ్వాలి?

కాలేజీల పోటీల తీరు కూడా చూడండి. మన దేశంలో 2007లో మొదలైన బాహా పోటీల్లో చాలా ఏళ్ళు అన్ని జట్లకూ ఒకే రకం పది హార్స్ పవర్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజను. దాన్ని మార్చడానికి వీల్లేదు. గెలుపు అంతా చాసిస్, స్టీరింగు, బ్రేకు, బరువు తగ్గించడంలోనే. డబ్బు తక్కువ ఉన్నవాడికి ఇంతకంటే న్యాయమైన పోటీ ఏముంది?

మరి టర్బో మీద ఆశ ఉన్నవాళ్ళు ఏం చేయాలి? నా సూచన ఇది. కరెంటు మోటార్లు వచ్చాక మన పల్లెల్లో బావుల దగ్గర పాత ఐదు హార్స్ పవర్ ఆయిల్ ఇంజన్లు కొన్ని తుప్పు పట్టి పడి ఉన్నాయి. ఒకటి అడిగి తెచ్చుకోండి. కాలేజీ ఐ.సి. ఇంజన్స్ ల్యాబులో కిర్లోస్కర్ సింగిల్ సిలిండర్ డీజిలు ఇంజను, తాడు బ్రేకు డ్రమ్ము చాలాచోట్ల ఉంటాయి. మీ ఇంజనుకూ అట్లాంటి డ్రమ్మే చేయించండి. బరువు 12 కిలోలు వేలాడదీశారు, స్ప్రింగు త్రాసు 2 కిలోలు చూపించింది, తాడుతో కలిపి డ్రమ్ము వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు, చుట్లు 1500 అనుకోండి. పది కిలోల బరువు అంటే 98 న్యూటన్లు, 0.2తో గుణిస్తే 19.6 న్యూటన్ మీటర్లు, 1500 చుట్ల దగ్గర 3.08 కిలోవాట్లు, అంటే 4.1 హార్స్ పవర్. ఇంతే! ఈ ఒక్క కొలత చేతిలో ఉంటే మీ రిపోర్టును ఎవరూ తోసిపుచ్చలేరు.

ఇందులో కొత్తగా చేయడానికి కూడా నిజంగా చోటుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఏమస్ వింటర్, మైఖేల్ బుక్‌మన్ అనేవారు 2014లో ఒక పద్ధతి ప్రకటించారు. ఒకే సిలిండర్ ఇంజనుకు, టర్బోకు మధ్య సిలిండరు కంటే కొన్ని రెట్లు పెద్దదైన గాలి డబ్బా పెడితే, వాల్వు మూసి ఉన్నప్పుడు టర్బో నెట్టిన గాలి అందులో ఆగి, తెరిచినప్పుడు లోపలికి పోతుంది. వాళ్ళ ఆలోచన మనలాంటి దేశాల రైతుల చిన్న ఇంజన్ల గురించే. బావి తాడు ఉపమానంలో చెప్పాలంటే మధ్యలో ఒక గోలెం పెట్టినట్టు. డబ్బా ఎంత పెద్దదైతే ఎంత లాభం అని మూడు సైజులు మార్చి కొలిస్తే అదే ఒక మంచి ప్రాజెక్టు. డబ్బాను మందపాటి పైపుతో చేయించండి, పాత గ్యాసు సిలిండరు మాత్రం కోయకండి. నూనెకు వేరే పంపు, వేరే ట్యాంకు పెట్టండి, స్టాండు మీద స్థలం ఉంటుంది కాబట్టి వాలు సరిగ్గా వస్తుంది. గాలి పెంచినంత మాత్రాన బలం రాదని, డీజిలు పంపు సర్దుబాటు కూడా కొంచెం పెంచాలని గుర్తుంచుకోండి, లేకపోతే పొగ పలచబడటం తప్ప ఏమీ కనపడదు. ఇంజనుకూ మీకూ మధ్య ఇనుప రేకు అడ్డం, పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. బలం పెరగకపోతే పెరగలేదనే రాయండి, ఎందుకు పెరగలేదో రాయండి. మేష్టార్లలో నిజంగా చదువుకున్నవారు ఆ రిపోర్టుకే ఎక్కువ మార్కులు వేస్తారు.

మిగిలిన డబ్బుతో కార్టుకు మంచి బ్రేకు, నడిపేవాడికి హెల్మెట్, నాలుగు రకాల స్ప్రాకెట్లు కొనండి. రాణిగంజ్‌లో బేరం ఆడితే ఇంకా కొంత మిగలవచ్చు.

మా షెడ్డులో ఇరుసు అరిగిపోయిన లారీ టర్బో ఒకటి పడి ఉంది. సెలవుల్లో రామాయంపేట వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, మెకానికల్ చదవనివాళ్ళు కూడా, చెల్లెళ్ళు కూడా రండి. విప్పి చూపిస్తాను. నూనె అందని బేరింగు ఏ రంగులోకి మారుతుందో పుస్తకంలో ఉండదు. పైన చెప్పిన లీటర్ల లెక్కను మీ ఇంజనుకు వేసి, ఆ కాగితం వెంట తెచ్చుకోండి.